పాఠకుల ప్రశ్నలు – విండ్‌షియర్‌ను పసిగట్టే పరికరాలు: ఖర్చెంత, ఫలమెంత?

విమానయాన వాతావరణ సేవల గురించి గత సంచికలో వచ్చిన వ్యాసంలో విండ్‌షియర్ (కొద్ది దూరంలోనే గాలి వేగం, దిశ ఒక్కసారిగా మారిపోవడం) హెచ్చరిక పరికరాల ప్రస్తావన ఒక్క పేరాతో ముగిసింది. ఆ ఒక్క పేరా మీద వచ్చినన్ని ఉత్తరాలు మిగతా వ్యాసం మొత్తం మీద కూడా రాలేదు. ఇంత అరుదైన ప్రమాదం కోసం ఇంత డబ్బు పోయడం సబబేనా అన్నది చాలామంది అనుమానం. ఒకే రకం ప్రశ్నలను ఒకచోట చేర్చి, ఈ నెల శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: గాలి వేగం మారడం రోజూ జరిగేదే కదా. అంత బలమైన విమానాన్ని గాలి ఏం చేయగలదు? దానికోసం ప్రత్యేకంగా పరికరాలు ఎందుకు?

విమానాన్ని గాలిలో నిలబెట్టేది నేలతో పోల్చినప్పుడు దానికుండే వేగం కాదు, రెక్కల మీదుగా గాలి పారే వేగం. పది కిలోమీటర్ల ఎత్తులో ఆ వేగం కొంత తగ్గినా సర్దుకోవడానికి కావలసినంత ఎత్తు కింద ఉంటుంది. దిగేటప్పుడూ ఎగిరేటప్పుడూ ఆ వెసులుబాటు ఉండదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనలు నేల నుంచి 500 మీటర్ల ఎత్తులోపు వచ్చే విండ్‌షియర్‌ను ప్రత్యేకంగా పట్టించుకోవడానికి కారణం ఇదే.

వీటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది మైక్రోబర్స్ట్. ఉరుముల మేఘం అడుగు నుంచి చల్లబడిన గాలి ఒక్కసారిగా కిందికి దూకి, నేలను తాకి, అన్ని వైపులకూ చిమ్ముతుంది. కుళాయి ధార గచ్చు మీద పడి నలువైపులా పరుచుకున్నట్టే. దాని అడ్డుకొలత నాలుగు కిలోమీటర్లు దాటదు. ఆయుష్షు ఐదు నుంచి పదిహేను నిమిషాలు.

140 నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు 260 కిలోమీటర్ల వేగంతో దిగుతున్న జెట్ విమానం ఇందులోకి వెళ్ళిందనుకుందాం. మొదట ముఖాన 25 నాట్ల ఎదురుగాలి కొడుతుంది. వేగసూచిక 165కు చేరుతుంది, విమానం దిగవలసిన దారికి పైగా లేస్తుంది. ఏ పైలటైనా అప్పుడు సహజంగా ఇంజన్ బలం తగ్గించి, ముక్కు కొంచెం దించుతాడు. సరిగ్గా ఆ క్షణంలో విమానం ధార కిందికి చేరి బలంగా నేలవైపు తోయబడుతుంది, ఆ వెంటనే అవతలి వైపు 25 నాట్ల వెనుకగాలిలో పడుతుంది. 165 చూపిన సూచిక ఇప్పుడు 115 చూపుతుంది. నెమ్మదించిన జెట్ ఇంజన్ మళ్ళీ పూర్తి బలం పుంజుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఇదంతా ఒక నిమిషం లోపే జరిగిపోతుంది. మొదట వరంలా వచ్చినదే మరుక్షణంలో మోసం చేస్తుంది కాబట్టి, లోపలికి వెళ్ళాక నేర్పు చూపడం కన్నా ముందుగా తెలుసుకుని పక్కకు తప్పుకోవడమే మేలు. పరికరాల అవసరం అక్కడ మొదలవుతుంది.

ప్రశ్న: విండ్‌షియర్ ప్రమాదాలు వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్నే. ఎప్పుడో జరిగే దానికోసం ఏటా జరిగే ఖర్చును ఎలా సమర్థిస్తారు? ప్రాణానికి ధర కట్టడం కూడా నాకు ఇబ్బందిగా అనిపిస్తోంది.

అరుదైనవే, నిజమే. అయితే ఒక్కొక్కటి ఎంత పెద్దదో చూడండి. 1975 జూన్ 24న న్యూయార్క్ కెనెడీ విమానాశ్రయంలో దిగబోతున్న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 66 కూలి 113 మంది మరణించారు. 1982 జూలై 9న న్యూ ఆర్లీన్స్ నుంచి అప్పుడే ఎగిరిన పాన్ ఆమ్ 759 ఇళ్ళ మీద పడింది. విమానంలోని 145 మందీ, నేల మీద 8 మందీ పోయారు. 1985 ఆగస్టు 2న డాలస్-ఫోర్ట్‌వర్త్ వద్ద డెల్టా 191 ప్రమాదంలో 137 మంది, 1994 జూలై 2న షార్లట్‌లో యూఎస్‌ఎయిర్ 1016 ప్రమాదంలో 37 మంది చనిపోయారు. ఒకే దేశంలో, ఇరవై ఏళ్ళ వ్యవధిలో, ఈ నాలుగింటిలోనే 440 ప్రాణాలు. మొదటి ప్రమాదాన్ని పరిశోధించిన షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త టెట్సుయా ఫుజిటా ఇలాంటి కిందిధార ఉంటుందని చెప్పినప్పుడు చాలామంది వాతావరణ నిపుణులు నమ్మలేదు. 1982 వేసవిలో డెన్వర్ పరిసరాల్లో గాలి కదలికను కొలిచే డాప్లర్ రాడార్లు పెట్టి చూస్తే ఆ ఒక్క కాలంలోనే 186 మైక్రోబర్స్ట్‌లు దొరికాయి. అంటే అరుదైనది మైక్రోబర్స్ట్ కాదు, సరిగ్గా ఆ కొద్ది నిమిషాల్లో ఆ చోట విమానం ఉండటం. విమానాలు పెరిగే కొద్దీ ఆ అరుదుతనం తగ్గుతుందన్నది ఖర్చు లెక్క వేసేవారు మొదట గుర్తుంచుకోవలసిన విషయం.

ఇక ప్రాణానికి ధర. ఈ ఇబ్బంది మీ ఒక్కరిదే కాదు. కాకపోతే ఆ అంకె ఎవరో ఒక మనిషి ఖరీదు కాదు. ఎందరికో ఎదురయ్యే చిన్న ముప్పును మరికొంత తగ్గించుకోవడానికి సమాజం ఎంత పెట్టడానికి సిద్ధంగా ఉందో చెప్పే కొలత. అమెరికా రవాణా శాఖ 2008లో దీన్ని 58 లక్షల డాలర్లుగా నిర్ణయించింది. 2023 సంవత్సరానికి అది 1.32 కోట్ల డాలర్లు. డాలస్ ప్రమాదంలో పోయిన 137 ప్రాణాలను మొదటి అంకెతో గుణిస్తే సుమారు 79 కోట్ల డాలర్లు, రెండో అంకెతో గుణిస్తే సుమారు 181 కోట్లు. ఆకాశం మారలేదు, రాడార్ మారలేదు. లెక్క పుస్తకంలో మాత్రం అదే రాడార్ రెట్టింపుకు పైగా లాభసాటి అయింది. ఆ తేడాలో కొంత డబ్బు విలువ తగ్గడం వల్ల వచ్చింది, మిగతాది లెక్కించే పద్ధతిలో, ఆదాయాల్లో వచ్చిన మార్పు. కాబట్టి 'ఖర్చుకు ఇన్ని రెట్లు ఫలం' అనే వాక్యం ఎక్కడ కనబడినా, అందులో ప్రాణానికి ఏ అంకె వాడారో చూడకుండా దాన్ని నమ్మకండి, కొట్టివేయకండి కూడా.

ఇంకొక అంకె ఇంతకన్నా గుట్టుగా పనిచేస్తుంది. భవిష్యత్తులో వచ్చే లాభాన్ని నేటి విలువకు తగ్గించే రేటు అది. అమెరికా ప్రభుత్వ ప్రాజెక్టుల లెక్కలకు 1992లో నిర్దేశించిన రేటు 7 శాతం. ఆ లెక్కన ముప్పై ఏళ్ళ తరువాత ఆగే నష్టం నేటి పుస్తకంలో వందకు 13గానే నమోదవుతుంది. 3 శాతం వాడితే అదే 41 అవుతుంది. పరికరం ఖర్చు మొదటి రెండు మూడేళ్ళలోనే పడుతుంది, ప్రమాదం ఎప్పుడు ఆగుతుందో తెలియదు. అందుకే విండ్‌షియర్ విషయంలో ఈ రేటు మీద నడిచే వాదన కేవలం గణకుల గొడవ కాదు.

ఎవరూ చనిపోని ప్రమాదాలనూ మరచిపోకూడదు. 2018 జూలై 31న మెక్సికోలోని దురాంగోలో ఏరోమెక్సికో 2431 ఎగిరిన వెంటనే మైక్రోబర్స్ట్‌లో చిక్కి కూలింది, మంటల్లో కాలిపోయింది. లోపలున్న 103 మందీ బతికి బయటపడ్డారు. ప్రాణాల వరుసలో సున్నా రాయవలసిన సంఘటన అది. కానీ విమానం పోయింది, గాయాలయ్యాయి, కొన్ని సెకన్ల తేడా ఉంటే ఆ సున్నా ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. మరణాలు మాత్రమే లెక్కించే పట్టిక ఇలాంటి రోజును అసలు చూడదు.

ప్రశ్న: ఇప్పటి విమానాల్లోనే విండ్‌షియర్‌ను ముందుగా చూసే రాడార్ ఉంటుందని చదివాను. పైలట్లకు శిక్షణ కూడా ఇస్తున్నారు. మరి నేల మీద ఇంకొక రాడార్ ఎందుకు? ఇది ఒకే పనికి రెండుసార్లు చెల్లించడం కాదా?

ఈ నెల వచ్చిన వాటిలో అతి పదునైన ప్రశ్న ఇదే. ఖర్చు-ఫలం లెక్కల్లో చాలావరకు తప్పులు జరిగేదీ ఇక్కడే.

ఇవి కేవలం ఊహాంకాలు: ఏ రక్షణా లేనప్పుడు ఒక విమానాశ్రయంలో దీర్ఘకాలంలో జరిగే నష్టాన్ని 100 అనుకుందాం. శిక్షణ సగం నష్టాన్ని ఆపుతుంది. విమానంలోని రాడార్ తన ముందుకు వచ్చిన వాటిలో 60 శాతాన్ని, నేల మీది రాడార్ 90 శాతాన్ని ఆపుతాయి. ఒక్కొక్కదాని తరఫున ఒక్కొక్క శాఖ నివేదిక రాస్తే, శిక్షణ వల్ల 50, విమాన రాడార్ వల్ల 60, నేల రాడార్ వల్ల 90 మిగిలాయని చెప్పుకుంటాయి. మొత్తం 200. ఉన్న నష్టమే 100 అయినప్పుడు 200 ఎలా ఆగుతుంది? ఇది ఒకే ఆవును ముగ్గురికి అమ్మడం. సరైన లెక్క వరుసగా నడుస్తుంది: శిక్షణ తరువాత 50 మిగులుతుంది, విమాన రాడార్ తరువాత 20, నేల రాడార్ తరువాత 2. అప్పటికే మొదటి రెండూ ఉన్న చోట నేల రాడార్ కొత్తగా తెచ్చే ఫలం 18 మాత్రమే, 90 కాదు. ఆ 18 విలువ రాడార్ ఖర్చును మించుతుందా అన్నదే అడగవలసిన ప్రశ్న. నిజజీవితంలో ఈ మూడూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పనిచేయవు గనుక లెక్క ఇంత శుభ్రంగా రాదు. అయినా దారి ఇదే.

అయితే ఆ 18 తీసిపారవేయదగినది కాదని చెప్పడానికి షార్లట్ ప్రమాదం ఒక్కటి చాలు. ఆ డీసీ-9 విమానంలో విండ్‌షియర్ హెచ్చరిక పరికరం ఉంది. ముందుకు చూసే రకం కాదు, లోపలికి వెళ్ళాక గుర్తుపట్టే పాత రకం. రెక్కల ఫ్లాప్‌లు కదులుతున్నంతసేపూ అనవసరపు హెచ్చరికలు రాకూడదని దాని సున్నితత్వాన్ని తగ్గించే ఏర్పాటు అందులో ఉంది. పైలట్లు దిగడం విరమించి పైకి లేవబోయిన ఆ క్షణాల్లో ఫ్లాప్‌లు కదులుతూనే ఉన్నాయి, పరికరం నోరు విప్పలేదు. ఆ విమానాశ్రయానికి డాప్లర్ రాడార్ కేటాయించి కూడా స్థల సేకరణ చిక్కుల వల్ల అప్పటికి పెట్టలేకపోయారు. ఒక గోడలో ఉన్న కన్నానికి ఎదురుగా రెండో గోడ లేకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఇది.

విమాన రాడార్‌కూ నేల రాడార్‌కూ పనిలో కూడా తేడా ఉంది. 1986లో నాసా, అమెరికా విమానయాన శాఖ కలిసి మొదలుపెట్టిన పరిశోధన నుంచి పుట్టిన ముందుచూపు రాడార్ పైలట్‌కు ఇచ్చే వ్యవధి సెకన్లలో ఉంటుంది. తప్పుకోవడానికి అది చాలు, ప్రణాళిక వేయడానికి చాలదు. నేల రాడార్ విమానాశ్రయం చుట్టూ ఉన్న గాలిని ఎప్పుడూ చూస్తూ ఉంటుంది కాబట్టి, విమానం ఇంకా చాలా దూరంలో ఉండగానే, లేదా రన్‌వే మొదట్లో ఆగి ఉండగానే కబురు అందుతుంది. పైగా పాత విమానమైనా, చిన్న విమానమైనా అందరికీ ఒకే హెచ్చరిక. 1994 తరువాత అమెరికాలో మైక్రోబర్స్ట్ వల్ల పెద్ద ప్రయాణికుల విమానం ప్రాణనష్టంతో కూలిన సంఘటన జరగలేదు. ఆ ఘనత ఏది ఎంత పంచుకోవాలో విడదీయడం మాత్రం ఎవరి తరమూ కాదు, ఎందుకంటే మూడు మార్పులూ దాదాపు ఒకే దశాబ్దంలో వచ్చాయి.

ప్రశ్న: ఏ పరికరం మేలు? చవకగా అయ్యేది ఏదైనా ఉందా?

చవకైనది స్తంభాల మీద గాలిమరల వంటి, గాలి వేగాన్ని కొలిచే అనిమోమీటర్లు పెట్టే పద్ధతి. 1970ల చివర అమెరికాలో మొదలైన తొలి ఏర్పాటులో విమానాశ్రయం మధ్యలో ఒకటి, చుట్టూ అంచుల్లో ఐదు ఉండేవి. మధ్యదానికీ అంచుదానికీ 15 నాట్లకు మించి తేడా వస్తే విమానాల రాకపోకలను నియంత్రించే టవర్‌లో గంట మోగేది. రెండు స్తంభాల మధ్య పడిన మైక్రోబర్స్ట్ దీనికి కనబడదు, పైన ఉండి ఇంకా నేల తాకనిది అసలే కనబడదు. డాలస్‌లో 1985 నాటి ప్రమాద సమయంలో ఈ ఏర్పాటు ఉంది. విమానం కూలిన తరువాత గాని అది మోగలేదు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టయింది. తరువాతి కాలంలో స్తంభాల సంఖ్యను బాగా పెంచి, లెక్కించే పద్ధతిని మార్చి, దీన్ని నమ్మదగినదిగా చేశారు.

విమానాశ్రయాల కోసమే తయారైన డాప్లర్ రాడార్ ఖరీదైనది, మెరుగైనది. అమెరికాలో ఇవి 45 చోట్ల ఉన్నాయి. 1994లో హ్యూస్టన్‌తో మొదలై 2003లో న్యూయార్క్ కెనెడీతో పూర్తయ్యాయి. ఐదు సెంటీమీటర్ల తరంగాలను అర డిగ్రీ వెడల్పుగల సన్నని కిరణంగా పంపి, నేలకు దగ్గరి పొరను నిమిషానికి ఒకసారి చూస్తాయి. వీటికన్నా తక్కువ రద్దీగల ముప్పైకి పైగా విమానాశ్రయాల్లో వేరే ఉపాయం చేశారు. విమానాలను గుర్తించే మామూలు నిఘా రాడార్ అక్కడ ఎలాగూ తిరుగుతూ ఉంటుంది కాబట్టి, దాని సంకేతాల నుంచే గాలి కదలికను పిండే ప్రాసెసర్ తగిలించారు. ఆ రాడార్ కిరణం విసనకర్రలా నిలువుగా విచ్చుకుని ఉండటంతో నేలకు దగ్గరి గాలిని పైగాలి నుంచి విడదీయడం కష్టం, చూపు మందం. కానీ కొత్త స్థలం అక్కరలేదు, కొత్త గోపురం అక్కరలేదు. ఖర్చుకు ఫలానికి మధ్య తూకం చూసి తీసుకున్న నిర్ణయాల్లో నాకు బాగా నచ్చినది ఇదే.

రాడార్‌కు వాన చినుకు కావాలి. చినుకు లేని చోట లైడార్ పనికొస్తుంది; అది లేజర్ కాంతిని పంపి, గాలిలోని ధూళి రేణువుల మీద నుంచి తిరిగివచ్చే కాంతితో వేగాన్ని కొలుస్తుంది. హాంకాంగ్ విమానాశ్రయం పక్కనే లాంటౌ ద్వీపపు కొండలు ఉన్నాయి. అక్కడి విండ్‌షియర్‌లో ఎక్కువ భాగం ఉరుముల మేఘాల వల్ల కాదు, కొండలను దాటివచ్చే గాలి చెదిరిపోవడం వల్ల, అది కూడా తరచు తేటగా ఉన్న రోజుల్లోనే వస్తుంది. అక్కడి వాతావరణ పరిశీలనశాల రాడార్ ఉన్నా సరిపోక 2002లో లైడార్ పెట్టింది, ఆ తరువాత దానితో హెచ్చరికలు ఇచ్చే వ్యవస్థను నడపడం మొదలుపెట్టింది. వాన బలంగా పడుతున్నప్పుడు లైడార్ చూపు ఆగిపోతుంది, అప్పుడు రాడార్ ఆదుకుంటుంది. అంటే అక్కడ రెండూ ఒకే పని చేయడం లేదు. ఒకటి గుడ్డిదైన చోట రెండోది చూస్తోంది. అందుచేత 'ఏది మేలు' అనే ప్రశ్నకు ముందు 'మీ చోట గాలి ఏ కారణంగా చెదురుతుంది' అన్నది తేలాలి. వాన నేలదాకా చేరని పొడి మైక్రోబర్స్ట్‌ల ప్రాంతంలో ఎంత ఖరీదైన రాడార్ పెట్టినా చూపులో లోటు మిగులుతుంది.

ఖర్చు విషయంలో చాలా నివేదికలు కొనుగోలు ధర దగ్గరే ఆగిపోతాయి. విమానాశ్రయానికి కొన్ని కిలోమీటర్ల అవతల, రన్‌వేల మీది గాలి స్పష్టంగా కనబడే స్థలం దొరకాలి. చుట్టూ కొత్త భవనాలు లేస్తే చూపు తగ్గుతుంది. ఇరవై ఏళ్ళు దాటిన రాడార్‌కు విడిభాగాలు వెతకాలి. ఎవరూ ముందు ఊహించని ఖర్చు ఒకటి 2009లో ప్యూర్టో రికోలోని శాన్ హ్వాన్‌లో బయటపడింది. 5600 నుంచి 5650 మెగాహెర్ట్జ్‌ల మధ్య పనిచేసే ఈ రాడార్ల తెర మీద కొన్ని దిశల్లో అడ్డగీతలు కనబడసాగాయి. వెతికితే అదే తరంగాలను వాడుతున్న బయటి వైర్‌లెస్ ఇంటర్నెట్ పరికరాలు దొరికాయి. రాడార్ ఉనికిని గుర్తించి తప్పుకోవలసిన ఏర్పాటు వాటిలో సరిగా పనిచేయడం లేదు. ఆ తరువాత నియంత్రణ సంస్థ తనిఖీలు, జరిమానాలు, కొత్త నిబంధనలు వచ్చాయి. ఆ సిబ్బంది జీతాలు ఏ రాడార్ ఖర్చు పట్టికలోనూ కనిపించవు.

ప్రశ్న: తప్పుడు హెచ్చరికల వల్ల విమానాలు ఆగిపోతే ఆ నష్టం ఎవరిది? హెచ్చరిక ఎక్కువైనా పరవాలేదు, ప్రాణం ముఖ్యం కదా అనేవారికి మీ సమాధానం ఏమిటి?

హెచ్చరిక ఎక్కువైతే పరవాలేదు అనేది వినడానికి బాగుంటుంది గాని, అది నాన్నా పులి కథకు దారి తీస్తుంది. న్యూ ఆర్లీన్స్ ప్రమాదానికి ముందు విమానాశ్రయంలో అన్ని దిశల్లోనూ విండ్‌షియర్ హెచ్చరికలు ఉన్నాయని టవర్ మరొక విమానానికి రేడియోలో చెప్పింది. ఆ మాట పాన్ ఆమ్ విమానం కాక్‌పిట్‌లోకీ వినబడింది. అయినా విమానం ఎగిరింది. దాన్ని నిర్లక్ష్యమని తోసేయడం తేలిక. కానీ ఏ రన్‌వే మీద, ఎంత దూరంలో, ఎంత నష్టం అన్నది చెప్పని హెచ్చరిక, అదీ గాలి కాస్త గట్టిగా వీచినప్పుడల్లా మోగేది, మనిషిని ఆపలేదు.

ఆ పాఠం తరువాతి వ్యవస్థల్లో కనబడుతుంది. ఎదురుగాలిలో 15 నాట్ల పెరుగుదల గాని, 15 నుంచి 30 నాట్ల లోపు తగ్గుదల గాని ఉంటే 'విండ్‌షియర్' అని, 30 నాట్లు లేదా అంతకు మించి తగ్గితే 'మైక్రోబర్స్ట్' అని రెండు మెట్లుగా విభజించారు. కంట్రోలర్ తెర మీద వచ్చే వరుసలో రన్‌వే పేరు, ఎన్ని నాట్ల మార్పు, రన్‌వే చివరి నుంచి ఎంత దూరంలో అన్నవి ఉంటాయి. కంట్రోలర్ దాన్ని వ్యాఖ్యానించనక్కరలేదు, చదివి వినిపిస్తే చాలు. వందలో కనీసం తొంభై మైక్రోబర్స్ట్‌లను పట్టాలి, ఇచ్చిన వంద హెచ్చరికల్లో పదికి మించి తప్పు కాకూడదు అన్నది డాప్లర్ రాడార్‌కు పెట్టిన లక్ష్యం. ఈ రెండో సగం మొదటి సగమంత ముఖ్యమైనదని నా అభిప్రాయం. పైలట్ వినని హెచ్చరిక ఆపిన నష్టం సున్నా, దాని ఖర్చు మాత్రం పూర్తి. కాబట్టి పరికరం ఎంత శాతం పట్టుకుంటుందన్న అంకెను, ఆ హెచ్చరిక విన్నప్పుడు ఎంతమంది నిజంగా దారి మార్చుకుంటారన్న అంకెతో గుణించాకే ఫలం పట్టికలో రాయాలి.

తప్పుడు హెచ్చరిక నష్టం ఎలా ఉంటుందంటే, దిగబోతున్న విమానం మళ్ళీ పైకి లేచి చుట్టు తిరిగి రావాలి, ఇంధనం కాలుతుంది, వెనుక వరుసలో ఉన్నవన్నీ జరుగుతాయి, కొన్ని వేరే విమానాశ్రయానికి మళ్ళుతాయి. ఒక్కొక్కటి చిన్నదే. ఏడాది పొడవునా కూడితే చిన్నది కాదు.

ప్రశ్న: ఆలస్యాలు తగ్గడం కూడా ఈ రాడార్ల ఫలంగా చూపిస్తారట. భద్రత కోసం కొన్నదానికి ఇది సాకు కాదా?

సాకు కాదు. ఉరుముల మేఘానికి ముందు పరుగెత్తే ఈదురుగాలి అంచును ఈ రాడార్ గుర్తించి, పది, ఇరవై నిమిషాల తరువాత అది ఎక్కడ ఉంటుందో గీత గీసి చూపుతుంది. గాలి దిశ మారే వేళ ముందే తెలిస్తే టవర్ రన్‌వే దిశను ఒక పద్ధతిలో మార్చగలుగుతుంది. ముందు తెలియకపోతే గాలి మారాక, దిగుతున్న వరుసనంతా తెంపి, అవతలి వైపు నుంచి మళ్ళీ కట్టుకోవాలి. ప్రమాదం దశాబ్దాలకు ఒకటి, ఈదురుగాలి ఏటా ఎన్నోసార్లు వస్తుంది కాబట్టి, రద్దీ విమానాశ్రయంలో ఈ వరుస అంకె భద్రత వరుసను దాటినా ఆశ్చర్యం లేదు.

అయితే రెండిటినీ కలిపి ఒకే మొత్తంగా చూపడం నాకు ఇష్టం లేదు. లక్షమంది ప్రయాణికులకు తలా రెండు నిమిషాలు మిగిలాయని, ఆ నిమిషాలకు ధర కట్టి, ప్రాణాల పక్కన కూడితే చదివేవారికి ఏది ఎంతో తెలియదు. విడిగా రెండు వరుసలు వేస్తే, ఆలస్యాల వరుసను నమ్మనివారు దాన్ని కొట్టివేసి మిగిలినదాని మీద నిర్ణయం తీసుకోగలుగుతారు.

ప్రశ్న: మరి రోజుకు కొద్ది విమానాలు మాత్రమే వచ్చే చిన్న విమానాశ్రయం ఏం చేయాలి? డబ్బు లేదు కాబట్టి ప్రమాదానికి తల వంచవలసిందేనా?

అంతర్జాతీయ నిబంధనలు కూడా ప్రతి విమానాశ్రయంలోనూ ఈ హెచ్చరికలు ఉండి తీరాలని అనలేదు. విండ్‌షియర్ ఒక సమస్యగా గుర్తించిన చోట ఇవ్వాలన్నాయి. రోజుకు పది విమానాలు దిగే చోట ఆ అర డిగ్రీ కిరణపు రాడార్ ఖర్చు ఏ లెక్కలోనూ గిట్టదు. అదే డబ్బుతో ఆ విమానాల్లో ముందుచూపు రాడార్ ఉండేలా చూడటం, పైలట్ల శిక్షణను తాజాగా ఉంచడం ఎక్కువ ఫలం ఇస్తాయి, ఎందుకంటే అవి విమానంతో పాటు ప్రతి విమానాశ్రయానికీ వెళతాయి. దగ్గరలో పెద్ద విమానాశ్రయపు రాడార్ చూపు ఇక్కడిదాకా పడుతుందేమో కనుక్కోవాలి. చుట్టూ కొండలుంటే లెక్క మారుతుంది. తక్కువ విమానాలే అయినా ప్రతిదీ అదే చెదిరిన గాలిలోంచి దిగాలి కనుక.

వీటన్నిటికన్నా ముందు, దాదాపు ఖర్చు లేకుండా చేయగలిగిన పని ఒకటి ఉంది. రెండు మూడు ఉరుముల కాలాల పాటు, దిగిన ప్రతి పైలట్ దగ్గర నుంచి నివేదిక రాబట్టి, స్తంభాల మీది అనిమోమీటర్ రికార్డుల పక్కన పెట్టి భద్రపరచాలి. 'గాలి బాగా లేదు' అని రాసిన నివేదిక లెక్కకు అక్కరకు రాదు. 'రన్‌వే చివరికి రెండు కిలోమీటర్ల ముందు, 150 మీటర్ల ఎత్తులో, వేగం 20 నాట్లు పడిపోయింది, వాన లేదు' అని రాసినది పనికొస్తుంది. అందులోని చివరి రెండు మాటలే రాడార్ కొనాలా, లైడార్ కొనాలా అన్నది చెబుతాయి.